మందు మార్చే ముందు: హైదరాబాదులో ప్రత్యామ్నాయ, సమగ్ర చికిత్సలను వాడుకునే క్రమం

ఎర్రగడ్డ, అమీర్‌పేట మెట్రో స్టేషన్ల మధ్య ఉన్నవి రెండే స్టేషన్లు. ఆ కొద్దిపాటి దూరంలో, రోడ్డుకు అటూ ఇటూ ఉన్న వీధుల్లో, ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి, చర్మవ్యాధుల మీద పనిచేసే జాతీయ యునానీ పరిశోధన సంస్థ, ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం, ఈఎస్ఐ ఆసుపత్రి, బల్కంపేట వైపు ప్రకృతి చికిత్సాలయం ఉన్నాయి. ఇన్ని వైద్య విధానాలు ఇంత దగ్గరగా దొరకడం సౌకర్యమే అయినా, దాని వెంట ఒక చిక్కు కూడా వస్తుంది. ఒకచోట వారం రోజుల్లో గుణం కనిపించకపోతే మరోచోటికి, అక్కడి నుంచి చుట్టాలు చెప్పిన మూడోచోటికి తిరగడం అలవాటవుతుంది. చివరికి ఏ మందు పనిచేసిందో, ఏది చెరుపు చేసిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు.

ఆయుర్వేదం గొప్పదా, అల్లోపతీ గొప్పదా అన్న వాదన ఈ వ్యాసంలో లేదు. ఏ విధానాన్ని ఎంచుకున్నా ఒక వరుస పాటించాలని, ఆ వరుస తప్పడం వల్ల జరిగే నష్టమే విధానం ఎంపికలో పొరపాటు వల్ల జరిగే నష్టం కంటే ఎక్కువని నా ఉద్దేశం. అందుకే ఇక్కడ మెట్లు మెట్లుగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: రోగం పేరు తెలుసుకోవడం

ఏ చికిత్సకు వెళ్ళాలన్నా ముందు బాధకు కారణం ఏమిటో పరీక్షల ద్వారా తెలియాలి. ఇది అందరికీ తెలిసిన మాటలాగే కనిపిస్తుంది గాని, ఎక్కువగా దాటవేసేది ఈ మెట్టునే.

కామెర్ల సంగతి చూడండి. కళ్ళు పచ్చబడితే పసరు తాగించడం, చేతికి వాత పెట్టించడం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. నగరంలో స్థిరపడిన కుటుంబాలు కూడా ఇందుకోసం సొంతూరికి బయలుదేరుతుంటాయి. కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గుముఖం పట్టిన రోజుల్లో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. అవే పచ్చటి కళ్ళు హెపటైటిస్ బి వల్లనో, పిత్తనాళంలో ఇరుక్కున్న రాయి వల్లనో, క్లోమంలో పెరుగుతున్న కణితి వల్లనో అయితే మాత్రం, పథ్యం చేస్తూ ఎదురుచూసిన ప్రతి వారమూ నష్టమే. పైగా ఏ ఆకులు నూరారో తెలియని పసరు, అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి అదనపు బరువు. రక్తపరీక్ష, అవసరమైతే కడుపు స్కానింగు చేయించుకుని కారణం తెలుసుకున్న తరువాత, విశ్రాంతీ పథ్యమూ చాలునని వైద్యుడే చెబితే అప్పుడు నిశ్చింతగా ఉండవచ్చు.

నగరంలో చాలాచోట్ల కనిపించే పుత్తూరు కట్టు బోర్డుల విషయమూ ఇంతే. ఎముక విరిగిందా, కీలు తొలగిందా, కండరం మాత్రమే బెణికిందా అన్నది ఎక్స్‌రే చూస్తేనే తెలుస్తుంది. కట్టు కట్టించుకున్న తరువాత వేళ్ళు చల్లబడినా, నీలిరంగుకు తిరిగినా, స్పర్శ తెలియకపోయినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, తెల్లవారే దాకా ఆగకుండా కట్టు విప్పించి ఆసుపత్రికి వెళ్ళాలి. బిగుతుగా కట్టిన కట్టు రక్తప్రసరణను ఆపేస్తే చేతినో కాలినో కోల్పోయే ప్రమాదం ఉంటుంది.

నడుము నొప్పికి యోగా, తైలమర్దనం వంటివి ఉపయోగపడతాయని ఎక్కువమంది నమ్ముతారు. ఆ నమ్మకంలో నిజం కూడా ఉంది. అయితే నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం మీద అదుపు తప్పడం, కాలిలో బలం పోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మర్దనం బల్ల ఎక్కకూడదు, వెంటనే ఎముకల వైద్యుడినో నరాల వైద్యుడినో చూడాలి. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం, ఊపిరి అందకపోవడం, పాముకాటు, ఆగకుండా వచ్చే ఫిట్స్, ఇవి ఏ ప్రత్యామ్నాయ విధానానికీ సంబంధించినవి కావు. 108కి ఫోన్ చేయాల్సినవి.

రెండో మెట్టు: ఇప్పటికే వాడుతున్న మందుల పట్టిక

ఒక కాగితం మీద రోజూ వేసుకునే మాత్రలన్నీ, వాటి మోతాదుతో సహా రాయండి. వంటింట్లో నుంచి తీసుకునేవి కూడా, అంటే పరగడుపున మెంతిపొడి, కాకరరసం, తిప్పతీగ కషాయం, అశ్వగంధ చూర్ణం, పసుపు గుళికలు, ఇవన్నీ అదే కాగితం మీదికి ఎక్కాలి. సహజమైనది కాబట్టి హాని చేయదనుకుని వీటిని డాక్టరుకు చెప్పకపోవడం ఎన్నో ఇబ్బందులకు మొదలు. శరీరంలో మార్పు తెచ్చే శక్తి ఉన్న మూలికకు అవాంఛితమైన మార్పు తెచ్చే శక్తి కూడా ఉంటుంది.

షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ తీసుకునేవారు మెంతులు, కాకర పెద్ద మోతాదులో మొదలుపెడితే షుగర్ మరీ పడిపోవచ్చు. దగ్గుకు వాడే అతిమధురం ఎక్కువ రోజులు తీసుకుంటే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. బీపీ రోగులకు ఇది పనికిరాదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు కాబట్టి థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు వైద్యుడికి చెప్పకుండా వాడకూడదు, గర్భిణులు అసలే వాడకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికి పసుపు, వెల్లుల్లి గుళికల వల్ల రక్తస్రావం పెరగవచ్చు. కూరలో వేసే పసుపు గురించి కాదు ఈ మాట, సారం తీసి గుళికలుగా అమ్మే పసుపు గురించి. తిప్పతీగ విషయంలో కోవిడ్ రోజుల తరువాత కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్యులు ప్రచురించారు. ఆయుర్వేదం, యునానీ, హోమియో వంటి విధానాల వ్యవహారాలు చూసే కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. వాదం ఎటు తేలినా, కాలేయ సమస్య ఉన్నవారు నెలల తరబడి ఆ కషాయం తాగకుండా ఉండటమే క్షేమం. శస్త్రచికిత్స జరగబోతుంటే మూలికా మందులను కనీసం రెండు వారాల ముందు ఆపి, ఏమేం వాడారో మత్తు డాక్టరుకు చెప్పాలి.

ఇక ఈ మెట్టులో అన్నిటికంటే ముఖ్యమైనది: ఇన్సులిన్, ఫిట్స్ మందులు, థైరాయిడ్ మాత్ర, గుండె మందులు, ఉబ్బసానికి ఇన్‌హేలర్, టీబీ కోర్సు, మానసిక వైద్యుడు ఇచ్చిన మందులు, వీటిని కొత్త చికిత్స మొదలుపెట్టామన్న కారణంతో సొంతంగా ఆపకూడదు. "ఆ మందులు మానేస్తేనే మా మందు పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే, ఆ మాట విన్నచోటి నుంచి లేచి రావడం మేలు. క్యాన్సర్ విషయంలో దీనికి లెక్క కూడా ఉంది. 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, నయం చేయదగిన దశలో ఉండి కూడా ప్రామాణిక చికిత్సను కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే నమ్ముకున్నవారిలో మరణం ముప్పు రెండున్నర రెట్లు ఉంది.

జూన్‌లో మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం దూరదూరాల నుంచి ఉబ్బసం రోగులు వస్తారు. ఒకప్పుడు చేప మందు అని పిలిచిన దానినే ఇప్పుడు ప్రసాదం అంటున్నారు. నోట్లో మందు పెట్టిన కొరమీను పిల్లను మింగాలా వద్దా అన్నది వారి వారి విశ్వాసం. కాని ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, వరుసలో నిలబడినంతసేపూ, ఆ తరువాతా.

మూడో మెట్టు: ఏ బాధకు ఏ పద్ధతి

ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. అన్ని పద్ధతులూ అన్నిటికీ పనిచేయవు, కొన్నిటికి గట్టి ఆధారం ఉంది, కొన్నిటికి లేదు.

ఆధారం బాగా ఉన్నది దీర్ఘకాలిక నడుము నొప్పి విషయంలో. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి నొప్పికి మాత్రల కంటే ముందు వ్యాయామం, యోగా, ఆక్యుపంక్చర్, ధ్యానం ద్వారా ఒత్తిడి తగ్గించే పద్ధతి వంటివి ప్రయత్నించాలని చెప్పాయి. అదే ఏడాది 320 మందితో జరిపిన ఒక పరిశోధనలో 12 వారాల యోగా తరగతులు ఫిజియోథెరపీకి తీసిపోలేదని తేలింది. 12 వారాలు అన్నది గుర్తుంచుకోదగిన సంఖ్య. మన దగ్గర చాలామంది పది రోజులు ఆసనాలు వేసి, తగ్గలేదని మానేస్తారు. యోగా గురువును ఎంచుకునేటప్పుడు ఒళ్ళు ఎంత వంచగలరన్నది కాక, మీ రోగాల గురించి ముందే అడిగారా లేదా అన్నది చూడాలి. గ్లకోమా, అంటే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు, ఉన్నవారితో శీర్షాసనం వేయించే గురువు, బీపీ అదుపులో లేనివారితో వేగంగా కపాలభాతి చేయించే గురువు మీకు అక్కర్లేదు.

ఆక్యుపంక్చర్ నొప్పిని కొంత తగ్గిస్తుంది. అయితే అసలు బిందువుల్లో గుచ్చిన సూదికీ, నటనగా గుచ్చిన సూదికీ మధ్య తేడా పరిశోధనల్లో చిన్నగానే కనిపించింది. సూది కొత్తదా, మీ ఎదుటే కవరు విప్పారా అన్నది చూసుకుంటే చాలు.

ప్రకృతి వైద్యం బలం నిజానికి మట్టిలోనో తొట్టి స్నానంలోనో కంటే దినచర్యలో ఉందని నాకనిపిస్తుంది. ప్రకృతి చికిత్సాలయంలో చేరిన మనిషి రోజూ వేళకు లేచి, నడిచి, ఉప్పూ నూనే తగ్గించి తిని, సిగరెట్టు మానేసి, రాత్రి త్వరగా పడుకుంటాడు. బరువు, బీపీ, షుగర్ తగ్గడానికి ఇవి చాలు. ఇంటికి వచ్చాక పాత అలవాట్లకు తిరిగితే పాత అంకెలూ తిరిగి వస్తాయి. "లంఖణం పరమౌషధం" అన్న సామెత మనకు ఇష్టమే గాని, షుగర్ మందులు వాడేవారికి, గర్భిణులకు, కిడ్నీ రోగులకు, తిండి విషయంలో మానసిక సమస్య ఉన్నవారికి ఉపవాస చికిత్స ప్రమాదకరం; షుగర్ రోగి ఉపవాసం చేయాలంటే మాత్రల మోతాదును వైద్యుడు ముందే తగ్గించి తీరాలి.

ఆయుర్వేదంలో అభ్యంగనం (ఒంటికి నూనె మర్దన), కటివస్తి, జానువస్తి (నడుము మీద, మోకాలి మీద గోరువెచ్చటి తైలం నిలిపి ఉంచడం) వంటి బాహ్య చికిత్సలు కీళ్ళ నొప్పులకు ఉపశమనం ఇస్తాయి, వీటిలో ప్రమాదమూ తక్కువే. వమనం (వాంతి చేయించడం), విరేచనం (విరేచనాలు చేయించడం) వంటి పంచకర్మ ప్రక్రియలు అలా కాదు; శరీరంలోని నీటినీ లవణాలనూ ఒక్కసారిగా తగ్గించేవి కాబట్టి వైద్యుడు దగ్గరుండి చేయించాల్సినవి. మసాజ్ పార్లరులో ప్యాకేజీగా అమ్మే పంచకర్మకు దూరంగా ఉండాలి.

యునానీలో పాతబస్తీకి సుదీర్ఘమైన అనుభవం ఉంది. చార్మినార్ పక్కన నిజాం కాలంలో కట్టిన దవాఖానాలో నేటికీ హకీములు రోగులను చూస్తారు. ఎర్రగడ్డలోని పరిశోధన సంస్థ బొల్లి మచ్చల మీద చేసిన పనికి పేరుపొందింది. బొల్లికి చికిత్స నెలల తరబడి సాగుతుందని ముందే సిద్ధపడి వెళ్ళాలి. ఈమధ్య వీధి వీధికీ వచ్చిన హిజామా, అంటే గాట్లు పెట్టి కప్పులతో రక్తం తీసే పద్ధతి, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి, రక్తహీనత ఉన్నవారికి పనికిరాదు. బ్లేడూ కప్పులూ ఒకరికి వాడినవి మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి సోకే దారి తెరుచుకున్నట్లే.

హోమియోపతీకి మన రాష్ట్రంలో ఆదరణ చాలా ఉంది. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అందుబాటులో ఉన్న అధ్యయనాలను సమీక్షించి, ఏ ఆరోగ్య సమస్యకూ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ఆ సంగతి తెలిసి కూడా చిన్నచిన్న బాధలకు ఆ తెల్లటి మాత్రలు వేసుకుంటానంటే అది మీ ఇష్టం. న్యుమోనియాకు, డెంగీకి, పిల్లల టీకాలకు బదులుగా మాత్రం వద్దు.

నాలుగో మెట్టు: ఎక్కడికి, ఎవరి దగ్గరికి

ముందుగా ప్రభుత్వ ఆసుపత్రులు. ఆయుర్వేదానికి ఎర్రగడ్డలోని డాక్టర్ బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి, యునానీకి చార్మినార్ దగ్గరి నిజామియా ఆసుపత్రి, హోమియోకు రామంతాపూర్‌లోని ప్రభుత్వ హోమియో కళాశాల ఆసుపత్రి, ప్రకృతి వైద్యానికి అమీర్‌పేట-బల్కంపేట ప్రాంతంలోని ప్రకృతి చికిత్సాలయం ఉన్నాయి. ఉదయం పూట ఓపీకి వెళ్తే చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు. ప్రైవేటు కేంద్రంలో డబ్బు కట్టే ముందు ఇక్కడ ఒకసారి చూపించుకుని, వారు ఏం చెబుతారో వినమని నా సలహా. అమ్మాల్సిన ప్యాకేజీ లేనివారి సలహాకు విలువ ఉంటుంది.

ప్రైవేటు వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు గోడ మీద చదువుకు సంబంధించిన పట్టా, రాష్ట్ర మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్య చూడాలి. ఆయుర్వేదానికి బీఏఎంఎస్, యునానీకి బీయూఎంఎస్, హోమియోకు బీహెచ్ఎంఎస్, ప్రకృతి వైద్యం, యోగాలకు బీఎన్‌వైఎస్, ఇవన్నీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్ళ చదువులు. వారాంతపు శిక్షణతో వచ్చిన ధ్రువపత్రాలు, విదేశీ పేర్లున్న "ఆల్టర్నేటివ్ మెడిసిన్" డాక్టరేట్లు వీటికి సమానం కావు.

కూర్చున్న తరువాత అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. నాకున్న జబ్బు ఏమిటని మీరు అనుకుంటున్నారు? ఎన్ని వారాల్లో ఏ మార్పు కనిపించాలి? కనిపించకపోతే తరువాత ఏమిటి? మొత్తం ఖర్చు ఎంత, మధ్యలో ఆపేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా? నాలుగో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి. మంచి వైద్యుడు విసుక్కోడు.

"షుగర్‌ను శాశ్వతంగా నయం చేస్తాం", "పక్షవాతానికి గ్యారంటీ" వంటి ప్రకటనలు నమ్మకపోవడానికి వేరే పరిశోధన అక్కర్లేదు. 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం షుగర్, క్యాన్సర్, మూర్ఛ, బొల్లి, పక్షవాతం సహా అనేక జబ్బులను నయం చేస్తామని ప్రకటించడాన్నే నిషేధించింది. చట్టాన్ని ఉల్లంఘించి మొదలయ్యే వైద్యం ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు.

ఆరోగ్య బీమా ఉన్నవారు ఆసుపత్రిలో చేరే ముందు పాలసీ ఆయుష్ చికిత్సకు ఎంతవరకు వర్తిస్తుందో, ఏ ఆసుపత్రులకు వర్తిస్తుందో ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఐదో మెట్టు: సీసా మీద రాసింది చదవడం

ఆయుర్వేద, యునానీ మందుల తయారీ కూడా 1940 నాటి ఔషధాల చట్టం కిందికే వస్తుంది. కాబట్టి సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, అందులోని పదార్థాల జాబితా ఉండాలి. విషగుణం ఉన్న పదార్థాలు కలిసిన మందైతే వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. ఇవి లేని పొట్లాన్ని, ఎంత పేరున్న వైద్యుడు ఇచ్చినా, మింగకండి.

పాదరసం, సీసం, ఆర్సెనిక్ చేరిన రసౌషధాలు, భస్మాలు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సినవి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో ఈ లోహాలు కనిపించాయి. శాస్త్రోక్తంగా శుద్ధి చేస్తే హాని లేదని ఆయుర్వేద వైద్యులు అంటారు. మీ చేతిలోని సీసాను అలా శుద్ధి చేశారో లేదో మీరు ఇంట్లో తేల్చుకోలేరు. పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి భస్మాలు వద్దు. మిగతావారు వైద్యుడు రాసిన మోతాదులో, రాసినన్ని రోజులే వాడి, ఎక్కువకాలం వాడాల్సి వస్తే రక్తంలో సీసం, కిడ్నీ పనితీరు పరీక్ష చేయించుకోవాలి.

పేరులేని పొడులతో ఇంకో ప్రమాదం ఉంది. కీళ్ళ నొప్పులకు, ఉబ్బసానికి, చర్మవ్యాధులకు ఇచ్చే పొట్లాల్లో కొందరు స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లోనే అద్భుతమైన గుణం కనిపిస్తుంది, ఆకలి పెరుగుతుంది, కొన్నాళ్ళకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అనుమానం వస్తే భయపడి అప్పటికప్పుడు మానేయకూడదు, ఎందుకంటే చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రాణాంతకం కావచ్చు. పొట్లంతో సహా జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాలి.

ఆరో మెట్టు: ఇంట్లో చేసుకోదగినవి, వాటి విధానం

దీర్ఘశ్వాస అభ్యాసం ఖర్చు లేనిది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ముక్కుతో నాలుగైదు సెకన్లు గాలి పీల్చి, ఐదారు సెకన్లు నెమ్మదిగా వదలాలి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలు అవుతాయి. గాలిని బలవంతంగా బిగబట్టకూడదు. రోజుకు పది నిమిషాలు చాలు. గుండె దడ, ఆందోళన ఉన్నవారికి ఇది వెంటనే కొంత నెమ్మది ఇస్తుంది. తల తిరుగుతున్నట్లు అనిపిస్తే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం. మామూలు శ్వాసకు రావాలి.

జలనేతి, అంటే ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కునే పద్ధతి, విషయంలో నీళ్ళ గురించి పట్టుదల ఉండాలి. మంజీరా నీళ్ళైనా, కృష్ణా నీళ్ళైనా, బోరు, ట్యాంకరు నీళ్ళైనా, తాగడానికి పనికివచ్చే నీళ్ళు ముక్కులోకి పనికివస్తాయని కాదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, ఆ నీటిలోని అమీబా మెదడుకు చేరి మరణించారు. అందువల్ల నీటిని తెర్లే దాకా కాచి, కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చాలి. పావు లీటరు నీటికి అర టీస్పూనుకు కొంచెం తక్కువ ఉప్పు కలపాలి. తల ఒక పక్కకు వంచి, నోటితో శ్వాస తీసుకుంటూ, పై ముక్కుపుటంలో పోస్తే కింది పుటం నుంచి వస్తుంది. తరువాత ముందుకు వంగి నీళ్ళు కారిపోనివ్వాలి. గట్టిగా చీదితే నీళ్ళు చెవి వైపు వెళ్తాయి. పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. చెవిపోటు, ముక్కు నుంచి రక్తం కారడం ఉన్నప్పుడు చేయకూడదు.

అభ్యంగనానికి గోరువెచ్చటి నువ్వుల నూనె, పావుగంట నుంచి ఇరవై నిమిషాల సమయం, ఆపైన సున్నిపిండితో స్నానం. జ్వరం ఉన్నప్పుడు వద్దు. పెద్దవయసువారికి తైలం కంటే తైలం పడిన బాత్రూం గచ్చే ఎక్కువ ప్రమాదం కాబట్టి, ముందే పాత గోనెపట్టానో రబ్బరు చాపనో పరచండి.

కడుపు మీద మట్టి పట్టీకి ఎరువులు, మురుగు తగలని చోట రెండు మూడు అడుగుల లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి, జల్లించి, రాత్రి నానబెట్టి, పలచటి గుడ్డలో చుట్టి పరగడుపున ఇరవై నిమిషాలు ఉంచాలి. ఇది హాయినిచ్చేదే గాని జబ్బును నయం చేసేది కాదు. పుండు మీద మట్టి పెట్టకూడదు. ధనుర్వాతం వచ్చే అవకాశం ఉంది.

ఏడో మెట్టు: మనసు సంగతి

మనసు బాగాలేనప్పుడు "ధ్యానం చెయ్యి" అనడం తేలిక. తేలికపాటి ఒత్తిడికి, ఆందోళనకు ధ్యానం మేలు చేస్తుంది. కాని తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారిని, లేని మాటలు వినిపించేవారిని, పాత గాయాలతో బాధపడేవారిని గంటల తరబడి కళ్ళు మూసి కూర్చోబెడితే పరిస్థితి విషమించవచ్చు. వనస్థలిపురం అవతల నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త కేంద్రంలో జరిగే పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలై, రాత్రి తొమ్మిదింటి దాకా మౌనంలో సాగుతుంది; రుసుము ఉండదు. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు దాచకుండా జవాబివ్వాలి, మందులు వాడుతుంటే రాయాలి. కొత్తవారు ముందు రోజుకు పది పదిహేను నిమిషాలతో ఇంట్లో మొదలుపెట్టి, ఒకటి రెండు నెలల తరువాత శిబిరం గురించి ఆలోచించడం మంచిది.

నిద్రపట్టని వారికి జటామాంసి మూలిక, నుదుటి మీద తైలం ధారగా పోసే శిరోధార అంటూ ఖర్చుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఆలోచన, ప్రవర్తనలను మార్చే చికిత్సనే ఇవ్వాలని 2016 నుంచి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందులోని ముఖ్యాంశాలు ఇవి: ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవడం, మంచాన్ని నిద్రకు మాత్రమే వాడటం, ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని నిద్ర వచ్చినప్పుడే మళ్ళీ పడుకోవడం, పగటి నిద్ర మానడం. మొదటి వారం ఒళ్ళు హూనమవుతుంది, మూడో వారానికి తేడా తెలుస్తుంది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే హైటెక్ సిటీ ఉద్యోగులు నిద్రకు ఎంచుకున్న వేళలను సెలవు రోజుల్లో కూడా మార్చకపోతేనే ఇది ఫలిస్తుంది.

మానసిక వైద్యం పేరెత్తగానే ఎర్రగడ్డను వేళాకోళంగా వాడే అలవాటు మన నగరానికి ఉంది. దానివల్ల ఎంతమంది ఆలస్యంగా వైద్యుడి దగ్గరికి వెళ్ళారో చెప్పలేం. అంత దూరం వెళ్ళడానికి సంకోచం ఉన్నవారు ప్రభుత్వం ఫోన్ ద్వారా మానసిక సహాయం అందించే టెలి మానస్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ సేవ 2022 అక్టోబరులో మొదలైంది, రుసుము లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. కౌన్సెలింగుకు వెళ్ళేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసంలోని మిగతా మెట్లేవీ అక్కర్లేదు, ఇంట్లోవారికి చెప్పి ఆ రోజే వైద్యుడిని చూడాలి.

ఎనిమిదో మెట్టు: పుస్తకం, గడువు

ఒకేసారి ఒక్క చికిత్సే మొదలుపెట్టాలి. మొదలుపెట్టే ముందు వారం రోజులు, ఏమీ మార్చకుండా, బాధ ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు అంకె వేసి రోజూ ఒక నోటుపుస్తకంలో రాయాలి. నిద్రపోయిన గంటలు, నడిచిన దూరం, బీపీ, షుగర్ వంటివి ఉంటే అవీ రాయాలి. ఈ వారం ఎందుకంటే, మనం వైద్యుడి దగ్గరికి బాధ బాగా ముదిరినప్పుడే వెళ్తాం, ముదిరిన బాధ ఏ మందూ లేకపోయినా కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను మందు ఖాతాలో వేయకుండా ఉండాలంటే ముందు నాటి అంకెలు చేతిలో ఉండాలి. చికిత్స మొదలైన తరువాత రోజూ రాయనక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు.

మొదటి రోజే గడువు తేదీ రాసుకోండి. యోగా, వ్యాయామాలకు 12 వారాలు, ఆక్యుపంక్చర్, మర్దనాలకు ఆరు వారాలు, కడుపులోకి తీసుకునే మందులకు వైద్యుడు చెప్పిన గడువు. ఆ తేదీ వచ్చినప్పుడు పదికి వేసుకున్న బాధ అంకె కనీసం రెండైనా తగ్గకపోతే ఆపేసి, ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. "ఇంకొక కోర్సు తీసుకోండి, లోపల రోగం బయటికి వస్తోంది" అన్న జవాబు వస్తే, ఏ పరీక్షలో ఆ మార్పు కనిపిస్తుందని అడగండి.

కడుపులోకి మందు తీసుకుంటున్న రోజుల్లో ఆకలి పూర్తిగా పోవడం, ముదురు పచ్చ మూత్రం, ఒంటి దురద, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే గడువు కోసం ఆగకూడదు. ఆ రోజే మందు మానేసి, కాలేయ పనితీరు పరీక్ష చేయించుకుని, సీసానూ చీటీనీ వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన మందును పారేయవద్దు. అందులో ఏముందో తేల్చాల్సి వస్తే పరీక్షకు పంపడానికి కావాల్సింది అదే.